గుట్ట దిగినంక పట్టేసిన తొడలు: రోలర్ పని ఎంతవరకు

చెల్లె, నువ్వు రాసింది ముందు నాకు అర్థమైనట్టు చెప్తా. పోలీస్ కానిస్టేబుల్ ఈవెంట్స్‌కు, అంటే ఉరుకుడు, దుంకుడు లాంటి పరీక్షలకు తయారైతున్నవు. ఆదివారం పొద్దున గోవిందరాజుల గుట్ట మెట్లు ఉరుక్కుంట ఎక్కి, ఉరుక్కుంట దిగినవు, అదీ పలుమార్లు. ఆ రోజు బాగానే ఉన్నది. మంగళవారం లేచేసరికి తొడలు బిగుసుకపోయి మెట్లు దిగరాలేదు. గ్రౌండ్‌లో సీనియర్ ఒకరు "లాక్టిక్ యాసిడ్ పేరుకపోయింది, రోలర్ పెట్టి నలగ్గొట్టాలె" అన్నడు. గట్టి రోలర్ ఒకటి (నేల మీద పెట్టి కండను దాని మీద దొర్లించే గుండ్రటి ఫోమ్ దిమ్మె) కొనుక్కొచ్చి, తొడ పక్కభాగం మీద ఒళ్లు బరువంతా మోపి పండ్లు బిగబట్టి రుద్దినవు. ఇప్పుడు అక్కడ కమిలి నీలంగా అయింది. అమ్మేమో "అవన్నీ ఎందుకు, నూనె రాసి వేడినీళ్లు పోసుకో" అంటున్నది. రోలర్ దండుగ అయినట్టేనా, మళ్ల ఉరుకుడు ఎప్పుడు అని నీ ప్రశ్న.

నేను హన్మకొండలో ఫిజియోథెరపిస్టును. నోటిఫికేషన్ పడ్డదంటే నా దగ్గరికి వచ్చేటోళ్లలో సగం మంది నీ అసొంటోళ్లే. కాబట్టి జర వివరంగానే చెప్తా. సీనియర్ చెప్పిన కారణం తప్పు, చూపించిన పద్ధతి ఇంకా తప్పు, వస్తువు మాత్రం తప్పు కాదు. అమ్మ మాట గురించి తర్వాత వస్తా, ఆమెకు నువ్వు అనుకున్నదానికంటే ఎక్కువ మార్కులే పడతయి.

లాక్టిక్ యాసిడ్ కథ మన గ్రౌండ్లల్ల ఎన్నేండ్లు పోయినా చావదు. గట్టిగా ఉరికినప్పుడు రక్తంలో లాక్టేట్ (లాక్టిక్ యాసిడ్ అని అందరు అనేది దీన్నే) పెరిగేది నిజమే. కానీ ఉరుకుడు ఆపినంక గంట, మహా అయితే గంటన్నరలో అది మామూలు స్థాయికి వచ్చేస్తది. ఒళ్లు దాన్ని ఇంధనంగా వాడుకుంటది కూడా. నీ నొప్పేమో రెండో రోజు ముదిరింది. అప్పటికి తొడలో నలగ్గొట్టడానికి ఆ యాసిడే లేదు. 1902లోనే థియోడర్ హఫ్ అనే అమెరికా శాస్త్రవేత్త ఈ ఆలస్యపు నొప్పిని పరిశీలించి, కండ లోపల సన్నగా చీలడం వల్ల వస్తదని రాసిండు. ఇప్పటికీ ఆ దారిలోనే అనుకుంటున్నరు: కండ పోగుల్లో కంటికి కనపడనంత చిన్న దెబ్బలు, వాటిని బాగుచేసేందుకు వచ్చే వాపు, ఆ వాపుకు నరాల చివర్లు సున్నితం కావడం. మొదలయ్యేది 12 నుంచి 24 గంటల మధ్య, ముదిరేది 24 నుంచి 72 గంటల మధ్య, పూర్తిగా పోయేది ఐదారు రోజులకు, ఒక్కోసారి వారానికి. ఏ రోలర్ లేకున్నా, ఏ మందు రాయకున్నా ఇట్లనే పోతది.

ఇంక అసలు దోషి ఎవరంటే ఎక్కుడు కాదు, దిగుడు. ఎక్కేటప్పుడు తొడ ముందు కండ కుదించుకుంట పనిచేస్తది. ఆయాసం వస్తది, గుండె కొట్టుకుంటది, కానీ కండకు అది అలవాటైన పనే. దిగేటప్పుడు ఒళ్లు బరువు కిందికి గుంజుతుంటే అదే కండ సాగుకుంటనే బ్రేకు వెయ్యాలె. సాగుడూ బిగుసుడూ ఒకేసారి. పోగులు దెబ్బతినేది అక్కడ. దిగేటప్పుడు ఆయాసం రాదు కాబట్టి "ఇది రెస్టు" అనుకొని ఉరుకుతరు. నువ్వు కూడా దిగేటప్పుడే వేగం పెంచినట్టు రాసినవు. నీ పిక్కలకంటే తొడలే ఎక్కువ పట్టడానికి కారణం అదే.

దీనికి ఇంకో వైపు ఉన్నది, అది మంచి వార్త. ఒకసారి ఇట్ల నొచ్చిన కండ, కొన్ని రోజులకు అదే పని మళ్ల చేస్తే మొదటిసారంత నొయ్యదు. ఊర్లల్ల నాట్లు మొదలైనప్పుడు చూడు. మొదటి రోజంతా వంగి నాటేసిన ఆడోళ్లు రెండో రోజు, మూడో రోజు తొడల వెనుక పట్టేసి కూసుంటే లేవరాదు, లేస్తే కూసోరాదు. అయినా మళ్ల మడిలోకి దిగుతరు. వారం తిరిగేసరికి అదే పని, అన్నే గంటలు, నడుము సంగతి వేరుగానీ తొడలు మాత్రం మాట్లాడవు. కండ తనను తాను గట్టి చేసుకున్నది. ఈ రక్షణ కొన్ని వారాలపాటు నిలుస్తది. అంటే నీ ఆదివారం పూర్తిగా వృథా పోలేదు, మోతాదు మాత్రం మితిమీరింది.

మరి రోలర్ చేసేదేంది? కండలో ముడులు విప్పుతది, అతుక్కున్న పొరలను విడదీస్తది అని ప్యాకెట్ మీద రాసి ఉంటది. నమ్మకు. తొడ పక్కన తుంటి నుంచి మోకాలి కింది దాకా పోయే పట్టీ లాంటి దట్టమైన పొర ఉంటది, ఐటీ బ్యాండ్ అంటరు. మనిషి బరువు మోపి రుద్దితే సాగేటంత మెత్తటిది కాదది.  నువ్వు కమిలించుకున్నది సరిగ్గా ఆ చోటే. పట్టీకి ఏం కాలేదు, దాని పైన చర్మం కింద ఉన్న సన్న రక్తనాళాలు చిట్లినయి.

రోలర్ పనిచేసేది ఎక్కువగా నరాల ద్వారా. కండ మీద మెల్లగా పడే ఒత్తిడి, నొప్పిని మెదడు లెక్కగట్టే తీరును కొంతసేపు మారుస్తది. ఇది ఊహ కాదు. కెనడాలోని మెమోరియల్ యూనివర్సిటీలో 2015లో వెలువడిన ఒక ప్రయోగంలో, ఒక కాలి పిక్కను రోలర్‌తో రుద్దితే రెండో కాలి పిక్కలో కూడా నొప్పి తట్టుకునే శక్తి పెరిగింది. ముట్టుకోని కాలిలో ముడి ఎట్ల విప్పుకుంటది? అదే యూనివర్సిటీ నుంచి అదే ఏడు వచ్చిన ఇంకో పనిలో ఎనిమిది మంది మగపిల్లలతో బరువు పెట్టి పది సెట్లు, సెట్టుకు పది చొప్పున స్క్వాట్లు (గుంజీల లాంటివి) చేయించినరు. తర్వాత వెంటనే ఒకసారి, 24 గంటలకు ఒకసారి, 48 గంటలకు ఒకసారి ఇరవై నిమిషాల చొప్పున రోలర్ వాడితే, వాడనప్పటి కంటే నొప్పి తక్కువ ఉన్నది, ఉరుకుడు, దుంకుడు కూడా అంత మందగించలేదు. ఎనిమిది మందే అని గుర్తుపెట్టుకో. తర్వాత చాలా ప్రయోగాలను కలిపి లెక్కేసినోళ్లు తేల్చింది ఏందంటే లాభం ఉన్నది, కానీ చిన్నది.

చిన్నది అంటే పనికిరానిది అని కాదు. మంగళవారం పొద్దున నువ్వు మెట్లు దిగలేని స్థితి నుంచి, మెల్లగా దిగి గ్రౌండ్ చుట్టూ నడవగలిగే స్థితికి వచ్చినవనుకో, ఆ నడకే కండకు రక్తం అందిస్తది, బిగువు విడుస్తది. రోలర్ తెచ్చే సుఖం అరగంటకు మించి పెద్దగా నిలవదు. ఆ సమయంలో లేచి నడవాలె, సైకిల్ తొక్కాలె. రుద్దుకొని మళ్ల మంచం ఎక్కితే ఏం మిగలదు.

ఇంక అమ్మ మాట. కసరత్తు తర్వాతి నొప్పికి వాడే ఉపాయాలన్నిటినీ పోల్చి 2018లో వచ్చిన ఒక పెద్ద సమీక్షలో, చల్లనీళ్లు, బిగుతు బట్టలు, స్ట్రెచింగ్ అన్నిటికంటే మనిషి చేతితో చేసే మర్దనకే ఎక్కువ ఫలితం కనపడ్డది. నూనెలో మహత్యం ఉన్నదని కాదు, చెయ్యి జారడానికి నూనె. అమ్మ చేతికి ఎక్కడ నొస్తున్నదో తెలుస్తది, నువ్వు అబ్బా అంటే ఆగుతది. రోలర్‌కు ఆ తెలివి లేదు. అమ్మకు ఓపిక ఉన్న రోజు మర్దన, లేని రోజు రోలర్. బామ్‌లు, స్ప్రేలు చర్మాన్ని చల్లబరిచి కొంతసేపు ధ్యాస మళ్లిస్తయి, అంతకంటే ఏం లేదు, వాడితే వాడుకో. నొప్పి గోళీలు మాత్రం ఉరుకుడుకు ముందు వేసుకునే అలవాటు చేసుకోకు. ఎండాకాలం ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు ఆ గోళీలు కిడ్నీల మీద పడతయి.

ముందు ఆ కమిలిన చోటు సంగతి చూద్దాం. నీలం రంగు పోయేదాకా అక్కడ రోలర్ వద్దు, మర్దన వద్దు. మొదటి రెండు రోజులు వేడి కాపడం కూడా వద్దు, గుడ్డలో మంచుముక్క చుట్టి పది, పదిహేను నిమిషాలు పెట్టు. రంగు పచ్చగా, పసుపుగా మారుకుంట పోతది. పోకుండా గడ్డ లెక్క గట్టిపడి, మోకాలు వంచుడు రోజురోజుకు తగ్గుతుంటే డాక్టరుకు చూపియ్యి. లోపల గడ్డకట్టిన రక్తాన్ని పదేపదే రుద్దితే కండలో ఎముక లాంటిది పేరుకునే ప్రమాదం ఉంటది. అది అరుదు, కానీ రుద్దే కొద్దీ పెరిగే అరుదు.

ఇప్పుడు వాడే తీరు. నీకు ముఖ్యమైనది తొడ ముందు భాగం కాబట్టి దాంతోనే మొదలుపెడతా. నేల మీద చాప వేసి బోర్లా పడుకో, మోచేతుల మీద ఆను. రోలర్ రెండు తొడల కింద అడ్డంగా ఉండాలె. మొదట రెండు కాళ్లూ ఒకేసారి దాని మీద పెట్టు, అప్పుడు బరువు పంచుకపోతది. ఒకే కాలు పెట్టుడు తర్వాతి రోజుల పని. మోకాలి చిప్పకు నాలుగు వేళ్ల పైన మొదలుపెట్టి తుంటి ఎముకకు కింద దాకా, సెకనుకు రెండు మూడు సెంటీమీటర్లకు మించకుండా జరుగు. ఒక్కసారి పైకి పోవడానికి పది సెకన్లకు పైనే పట్టాలె. గ్రౌండ్‌లో పిల్లలు సర్రుసర్రుమని ముందుకు వెనుకకు ఊగుతుంటరు, చూస్తే నాకు నవ్వొస్తది, దానివల్ల చాప అరుగుతది తప్ప ఏం కాదు. ఎక్కడైనా బాగా నొచ్చే చోటు తగిలితే అక్కడ ఆగు. ఊపిరి బిగబట్టకు. ఇరవై ముప్ఫై సెకన్లు ఆగి, మోకాలును మెల్లగా వంచి చాపు, నాలుగైదు సార్లు. నొప్పి కాస్త మెత్తబడ్డట్టు అనిపిస్తది, అప్పుడు ముందుకు జరుగు.

ఎంత గట్టిగా అంటే, పదికి ఐదు మార్కుల నొప్పి దాటొద్దు. "అమ్మా, హాయిగా నొస్తున్నది" అనాలె, అంతే. పండ్లు బిగబట్టినవంటే, భుజాలు పైకి లేచినయంటే ఎక్కువైనట్టు. అప్పుడు కండ నీకు ఎదురుతిరిగి ఇంకా బిగుసుకుంటది. ఎంత సేపు అంటే ఒక్కో కండకు కనీసం నిమిషంన్నర. రెండు నిమిషాలు చాలు. ఇరవై నిమిషాలు అనేది కాళ్లలోని కండలన్నిటికీ కలిపి.

పిక్కలకు నేల మీద కూసొని, చేతులు వెనుక ఆనించి, రోలర్ పిక్క కింద పెట్టుకో. రెండో కాలు మడిచి పాదం నేల మీద ఉంచితే బరువు ఎంత పడాలో ఆ కాలు చెప్తది. మడమ పైన గట్టి నరం లాగ తగిలేది నరం కాదు, కండను మడమకు కట్టే తాడు, దాన్ని వదిలేసి కండ మొదలైన చోటు నుంచి పైకి పో. మోకాలి వెనుక గుంట దాకా పోవద్దు. అక్కడ పెద్ద రక్తనాళాలు, నరాలు చర్మానికి దగ్గరగా ఉంటయి. బొటనవేలు లోపలికి తిప్పి ఒకసారి, బయటికి తిప్పి ఒకసారి చేస్తే పిక్కలోని రెండు వైపులూ వస్తయి. కుర్చీలో కూసొని చపాతీ కర్రతో కూడా పిక్క రుద్దుకోవచ్చు. చేతి బలం కాబట్టి నీ అదుపులోనే ఉంటది, హాస్టల్‌లో ఉండే పిల్లలకు నేను అదే చెప్త.

తొడ వెనుకకు రోలర్ నేల మీద అంత బాగా పనిచెయ్యదు, బరువు సరిగ్గా పడదు. గట్టి కుర్చీ అంచున కూసొని తొడ కింద టెన్నిస్ బంతి పెట్టుకొని, మోకాలు మెల్లగా చాపి ముడుచుకుంట ఉంటే మేలు. జిల్లుమని పాదం దాకా పాకితే నరం మీద పడ్డట్టు, వెంటనే బంతి జరుపు. పక్క తొడను పూర్తిగా వదిలెయ్యి, దాని బదులు పిరుదు పక్కన, ప్యాంటు ముందు జేబు ఉండే చోట మెత్తటి కండ ఉంటది, ఆ పట్టీని గుంజేది ఆ కండలే, వాటిని రుద్దు. మోకాలి కింద కాలి ముందు వైపు ఉండే ఎముక మీద ఎప్పుడూ పెట్టకు. నడుము మీద కూడా వద్దు.

రోలర్ ఎంపిక గురించి ఎక్కువ చెప్పేది లేదు. అడ్డంగా కొలిస్తే (వ్యాసం) 15 సెంటీమీటర్ల దాకా, పొడుగు 45 సెంటీమీటర్లు, నున్నగా, బొటనవేలితో నొక్కితే కొద్దిగా లోపలికి పోయేది తీసుకో. రెండు తొడలూ కలిపి పెట్టడానికి 30 సెంటీమీటర్లది చాలదు. ముండ్లు ముండ్లుగా ఉన్నవి, వణికే బ్యాటరీవి కొత్తోళ్లకు అనవసరం. నువ్వు కొన్నది గట్టిదైతే పారెయ్యకు, మందపాటి తువ్వాల రెండు చుట్లు చుట్టి వాడు. పీవీసీ పైపు కోసి వాడుతున్నమని కొందరు చెప్తరు. నీలం తొడలు ఎక్కువగా చూసేది వాళ్లలోనే.

ఇది చదివే భద్రకాళి బండ్ (చెరువు కట్ట) వాకర్లకు కూడా ఒక మాట. షుగర్ ఉండి కాళ్లు మొద్దుబారినోళ్లు, పిక్కల మీద నరాలు ఉబ్బి వంకరలు తిరిగినోళ్లు, రక్తం పలుచబడే గోళీలు వాడేటోళ్లు, ఎముకలు బోలైనోళ్లు డాక్టరును అడగకుండా రోలర్ ముట్టొద్దు. ఏ వయసోళ్లైనా సరే, ఒక్క పిక్కే వాచి, వేడిగా, ఎర్రగా అయి నొస్తుంటే దాన్ని రుద్దొద్దు. లోపలి నాళంలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, రుద్దితే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు పోవచ్చు. అదే రోజు ఆసుపత్రికి పోవాలె.

నీ విషయంలో నేను అడగదలచుకున్నది ఒకటే: మూత్రం రంగు ఎట్లున్నది? తొడలు బాగా ఉబ్బి, కాలు ఎత్తలేనంత నీరసంగా ఉండి, మూత్రం డికాషన్ రంగులో వస్తుంటే ఇది మామూలు నొప్పి కాదు. కండ విరిగి అందులోని పదార్థం రక్తంలో కలిసి కిడ్నీలను దెబ్బతీస్తున్నట్టు. అలవాటు లేని కసరత్తు ఒకేరోజు, అదీ ఎండలో, చేసినోళ్లకు వస్తది. అట్లుంటే ఈ జవాబు చదువుడు ఆపి ఎంజీఎం ఆసుపత్రికి పో, ఎమర్జెన్సీలో చూపించుకో. మామూలు రంగే అయితే భయం లేదు. అట్లనే ఎముక మీద ఒకే వేలంత చోట నొప్పి, రాత్రి కూడా నొస్తుంటే అది కండది కాదు, ఎముకలో సన్న పగులు కావచ్చు, రోలర్‌తో దానికి సంబంధం లేదు.

ఉరుకుడు ఎప్పుడంటే, మెట్లు దిగేటప్పుడు రెయిలింగ్ పట్టుకోవాల్సిన అవసరం లేని రోజు. బహుశా శనివారమో ఆదివారమో. ఆ లోపల రోజూ అరగంట నడక. మొదటి ఉరుకుడు మెల్లగా, పక్కోళ్లతో మాట్లాడగలిగేటంత, సమతల నేల మీదనే. నీకు జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం దగ్గరే కదా, కుదిరితే అక్కడికి పో, సిమెంటు రోడ్డు మీద మాత్రం వద్దు. వార్మప్‌కు ముందు తొడకు నిమిషం, పిక్కకు నిమిషం రోలర్ పెట్టుకోవచ్చు. ఎక్కువసేపు స్ట్రెచింగ్ పట్టి ఉంచితే కండ బలం కాస్త తగ్గినట్టుంటది, రోలర్‌కు ఆ ఇబ్బంది లేదు.

ఇంక గుట్ట. 2022 నోటిఫికేషన్ ప్రకారం ఆడపిల్లలకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో ఉరకాలె, లాంగ్‌జంప్ రెండున్నర మీటర్లు, నాలుగు కిలోల షాట్‌పుట్ నాలుగు మీటర్లు. ఇందులో మెట్లు దిగుడు ఎక్కడా లేదు. ఎక్కుడు వల్ల తొడ బలం వస్తది, అది ఉంచుకో, వారానికి ఒకసారి చాలు. దిగేటప్పుడు మాత్రం నడువు, ఒక్కో మెట్టు. మొదటి వారం మొన్న చేసినదాంట్లో మూడో వంతు, ఏ నొప్పి లేకుంటే తర్వాతి వారం ఇంకొంచెం. ఈవెంట్స్ తేదీ వచ్చినంక ఆఖరి పది రోజులు గుట్ట దిక్కు పోనే వద్దు, కొత్త కసరత్తు ఏదీ మొదలుపెట్టొద్దు, సీనియర్ ఎవరు చెప్పినా సరే. కమిలిన చోటు ఆదివారానికి రంగు మారకుంటే ఇక్కడే కింద రాయి.